డిప్రెషన్ మీద ఒక్కరే ఆడే నాటకానికి మందులు వాడుతున్న తమ్ముణ్ణి తీసుకెళ్ళొచ్చా?

ప్రశ్న అడిగిన చెల్లె రాసింది క్లుప్తంగా ఇదీ. హన్మకొండలో ఒక ఇంటి పై అంతస్తులో నలభై కుర్చీలు వేసి, ఒకే ఒక్క నటుడు నాటకం ఆడబోతున్నాడు. తల్లికి డిప్రెషన్. కొడుకు ఆమె కోసం బతకదగ్గ సంగతులన్నీ నంబర్లు వేసి కాగితం మీద రాస్తూ పోతాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళ చేతుల్లో ఆ సంగతులు రాసిన చిట్టీలు పెట్టి చదివిస్తారట. ఈమె తమ్ముడికి ఇరవై మూడేళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి కాజీపేటలో అక్క దగ్గర ఉంటున్నాడు. ఐదు నెలలుగా మందులు వాడుతున్నాడు, ఇప్పుడు కొంచెం నయం. తీసుకెళ్ళొచ్చా, అక్కడ ఎక్కువైతే ఎట్లా, అతణ్ణి మధ్యలోకి పిలిస్తే ఎట్లా, తెలిసినవాళ్ళు కనబడితే ఏమనుకుంటారు అని అడిగింది.

తీసుకెళ్ళొచ్చు. అయితే సంగతేంటో చెప్పి తీసుకెళ్ళండి, తలుపు పక్కన కూర్చోండి, ఆట మొదలయ్యే ముందు నటుడి చెవిన ఒక మాట వెయ్యండి. గడిచిన నెల రోజుల్లో తమ్ముడి నోట చావు మాట వచ్చి ఉంటే, లేదా ఈ మధ్యనే మందు మార్చి ఉంటే మాత్రం ఈసారికి ఆగండి. బాగున్న నాటకాన్ని ఎవరూ ఒక్క ఆటతో ఆపరు, మళ్ళీ వేస్తారు.

నేను డాక్టర్ని కాదు. ఇరవై ఏడేళ్ళుగా వరంగల్, హన్మకొండ, కరీంనగర్‌లలో నాటకాలకు లైట్లు వేస్తున్నాను. చిన్న గదుల్లో ఆడేవాటికి లైట్లతో పాటు కుర్చీలు వెయ్యడం, తలుపు దగ్గర నిలబడడం కూడా నా పనే. పన్నెండేళ్ళ కింద ఏడాదిన్నర పాటు నేను కూడా ఇవే మందులు మింగాను. చూసేవాడి కుర్చీలో కూర్చుంటే ఎట్లా ఉంటుందో కొంత తెలుసు.

మీరు చెప్పిన కథను బట్టి ఇది 'ఎవ్రీ బ్రిలియంట్ థింగ్' అనే ఇంగ్లిష్ నాటకానికి తెలుగు రూపం అయ్యుండాలి, లేదా దాని దారిలో రాసుకున్నది. డంకన్ మాక్‌మిలన్ రాశాడు, జానీ డొనహో అనే హాస్యనటుడు అందులో చెయ్యి వేసి తనే ఆడాడు. 2013లో ఇంగ్లండ్‌లో లడ్లో అనే చిన్న ఊళ్ళో మొదలైంది, 2014లో ఎడిన్‌బరోలో పేరొచ్చింది, 2016లో హెచ్‌బీఓ చిత్రీకరించి టీవీలో వేసింది. తల్లి ఆస్పత్రి పాలైనప్పుడు ఏడేళ్ళ పిల్లగాడు జాబితా మొదలుపెడతాడు. ఒకటో నంబరు ఐస్‌క్రీం. తల్లి చదవాలని ఆమె దగ్గర పెడతాడు. ఆమె దాని గురించి నోరెత్తదు. చదివిందని మాత్రం వాడికి తెలిసిపోతుంది, ఎందుకంటే స్పెల్లింగ్ తప్పులు దిద్ది ఉంటాయి.

ఆ నాటకం మొత్తంలో నాకు గుచ్చుకున్న చోటు అదే. కాగితం ఆమె జబ్బు తగ్గించలేదు, తగ్గించినట్టు నాటకం బుకాయించదు కూడా. మీ ప్రశ్నలో ఒక వాక్యం ఉంది చెల్లె, 'అది చూస్తే వాడికి బతుకు మీద ఆశ పుడుతుందేమో' అని. ఆ లెక్కన అయితే తీసుకెళ్ళకండి. డిప్రెషన్ గట్టిగా పట్టినవాడికి ఐస్‌క్రీం రుచే తెలియదు. నాకు ఆ రోజుల్లో మామిడికాయ పచ్చడి కూడా తడిసిన అట్టముక్కలా ఉండేది. అట్లాంటివాడి ముందు నిలబడి 'ఐస్‌క్రీం', 'వెన్నెల' అని చదివితే వెక్కిరించినట్టే ఉంటుంది. మీ తమ్ముడికి రుచులు తిరిగొస్తున్నాయా లేదా ఒకసారి కనిపెట్టండి. పాట పెట్టుకుంటున్నాడా, కూర బాగుందనో బాగాలేదనో అంటున్నాడా? అంటుంటే సరే. అన్నం పెడితే ఏదో మింగి లేస్తుంటే ఇంకో రెండు నెలలు కానివ్వండి.

మా నాయనమ్మ దీన్ని మనాది అనేది. రంది వేరు, మనాది వేరు. అప్పు రంది, బిడ్డ పెండ్లి రంది అంటాం, దానికి పేరు పెట్టొచ్చు. మనాది అట్లా కాదు. మనిషి తిండి మానేసి గోడ దిక్కు తిరిగి పండుకుంటాడు, ఏమైందిరా అంటే ఏం లేదంటాడు. నిజంగానే వాడికి చెప్పడానికి ఏమీ ఉండదు. మన దగ్గర తెలియనివాళ్ళు 'గాలి సోకింది' అంటారు, తెలిసినవాళ్ళు 'ఎర్రగడ్డకు పంపాలె' అని జోకులేస్తారు. డిప్రెషన్ అనే మాట తమ్ముడి ముందు ఎత్తలేకపోతున్నానని రాశారు కదా, ఇంట్లో పెద్దవాళ్ళు మనాది అనే మాట వాడుతుంటే దాంతోనే మొదలుపెట్టండి. చెవికి బరువనిపించదు.

ఇప్పుడు అసలు సంగతి, ఈ గది నాటకం ఎట్లా ఉంటుందో. కాళోజీ కళాక్షేత్రం లాంటి పెద్ద హాల్లో మీరు చీకట్లో ఉంటారు, వెలుతురు స్టేజీ మీద ఉంటుంది. ఏడ్చినా ఎవరికీ కనబడదు. ఇక్కడ లైట్లు ఆర్పం. నటుడి మీద ఎంత వెలుతురు ఉంటుందో మీ మీదా అంతే. కుర్చీలు చుట్టూ గుండ్రంగా వేస్తాం. ఎదురు కుర్చీ ఆయన ముక్కు చీదుకున్నా మీకు తెలుస్తుంది. మొదటిసారి వచ్చినవాళ్ళకు పది నిమిషాలు ఒళ్ళంతా ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటారు.

నిజానికి ఇది మనకు కొత్తేం కాదు. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు కథ చూసినవాళ్ళకు తెలుసు. చెప్పే మనిషి ఒక్కడే, ఇప్పుడు మల్లన్న, మరుక్షణం మేడలమ్మ, ఇంకో గడియకు కేతమ్మ. పక్కన డోలు వాళ్ళుంటారు, అది వేరే సంగతి. జనం చీకట్లో ఉండరు, కథకుడు వాళ్ళ మొహాలు చూస్తూనే చెబుతాడు. మిమిక్రీ కళాకారుడు నేరెళ్ళ వేణుమాధవ్ గారు ఒక్కరే మైకు ముందు నిలబడి ఎన్ని గొంతులు పలికించారో ఈ ఊరికి చెప్పనక్కర్లేదు, పబ్లిక్ గార్డెన్‌లో ఆరుబయట రంగస్థలానికి ఆయన పేరే పెట్టుకున్నాం. ఒక్క మనిషి సభంతా నింపడం మనకు అలవాటే. చూసేవాళ్ళ చేత తండ్రి వేషమో పంతులు వేషమో వేయించడం కొంచెం కొత్త, అంతే.

ఆ పిలుపు గురించే మీ భయం. నటుడు గుడ్డిగా ఎవరినీ లాగడు. ఆట మొదలు కావడానికి అరగంట ముందు నుంచే గదిలో తిరుగుతూ చిట్టీలు పంచుతుంటాడు, 'ఏ ఊరు, తిన్నరా' అని మాట కలుపుతుంటాడు. అది మర్యాద మాత్రమే అనుకోకండి, మనుషుల్ని తూకం వేస్తున్నాడు. ఎవరు నవ్వుతారు, ఎవరు చూపు తప్పిస్తారు, ఎవరి చేతులు వణుకుతున్నాయి అని చూసుకుంటాడు. అందుకే ఇరవై నిమిషాలు ముందు వెళ్ళండి. మీరే పక్కకు పిలిచి, 'మా తమ్ముణ్ణి లేపకండి, చిట్టీ ఇస్తే ఇవ్వండి' అని చెప్పండి. కారణం చెప్పక్కర్లేదు, మంచి నటుడు అడగడు. అయినా పొరపాటున చెయ్యి చాపితే తల అడ్డంగా ఊపితే చాలు. పక్కవాళ్ళ దగ్గరికి పోతాడు, ఆట ఆగదు.

చిట్టీ తీసుకోవాలా వద్దా అన్నది తమ్ముడికే వదలండి. 'తీసుకోరా, ఏం కాదు' అని మీరు మోచేత్తో పొడవొద్దు. అక్కలందరూ పొడుస్తారు, నేను తలుపు దగ్గర నుంచి చూస్తుంటాను.

చిట్టీ ఏం చేస్తుందో ఒక్కసారి దగ్గర నుంచి చూశాను. సుబేదారిలో ఒక డాబా మీద మా వాళ్ళు ఇట్లాంటిదే ఆడుతున్నారు. జాబితా అంతా మన వైపుదే రాసుకున్నారు, కరెంటు పోయి వచ్చినప్పుడు వాడంతా ఒక్కసారిగా అరిచే అరుపు, తంగేడు పువ్వు కోసుకొచ్చిన చేతికి అంటే పసుపు, అట్లాంటివి. డెబ్బై దాటిన పెద్దమనిషి ఒకాయన కూర్చున్నారు, తెల్ల చొక్కా, జేబులో కళ్ళద్దాల పెట్టె. ఆయనకొచ్చిన చిట్టీలో 'సకినం తెగకుండా మూడు సుట్లు తిరిగినప్పుడు' అని ఉంది. నటుడు నంబరు పిలిచాడు. ఆయన పెట్టె తీసి, అద్దాలు పెట్టుకుని, చిట్టీ విప్పి నంబరు మాత్రం చదివారు. తర్వాత మాట రాలేదు. గదిలో నలభై మందిమి ఎదురుచూస్తున్నాం. నటుడు కంగారు పడలేదు, పోయి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. నిమిషం పైనే గడిచింది. నా చెయ్యి లైటు తగ్గించే మీట మీదికి పోయింది, తగ్గిద్దామా అని, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. అప్పుడు పెద్దాయన చిట్టీ వైపు చూడకుండానే, 'మా ఇంటామె నాలుగు సుట్లు సుట్టేది' అన్నారు. గదంతా నవ్వింది, ఆయనా నవ్వారు. మూడు సుట్ల మాట ఎవరూ చదవనేలేదు.

దీన్ని చదివి 'చూశారా, ఎంత మంచి జరిగిందో' అనుకోకండి. అదే గుంపు నాటకంలో, పదేళ్ళ పైమాట, మేం చేసిన తప్పు కూడా చెబుతాను. పత్తి రైతు కథ. 1997-98లో పంట పోయి వరంగల్ జిల్లాలో ఎన్ని ఇళ్ళు కూలాయో మా తరానికి గుర్తే. ఆ రైతు చివరి రాత్రిని స్టేజీ మీద పూస గుచ్చినట్టు చూపించాం. ఏం చూపించామో ఇక్కడ కూడా రాయను. మాకు అది ధైర్యం అనిపించింది. సగంలో ఒక అమ్మాయి లేచి తలుపు వైపు వచ్చింది. కుర్చీలు మరీ దగ్గరగా వేశాను, ఆరుగురి మోకాళ్ళు దాటుకుని రావాల్సి వచ్చింది. తలుపు బయట ఎవరినీ పెట్టలేదు. ఆమె మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఏడుస్తుంటే నేను ఆట అయ్యాక చూశాను. తండ్రి సంగతి అప్పుడు చెప్పింది. ఆ రోజు నుంచి నేను లైట్లు వేసే ఏ ఆటలోనూ అట్లాంటి దృశ్యం ఉంటే ఒప్పుకోను. కుర్చీల మధ్య మనిషి పట్టే దారి వదులుతాను, బయట నీళ్ళ సీసాతో ఒక ఆడమనిషినీ ఒక మగమనిషినీ కూర్చోబెడతాను. ఇంటర్ ఫలితాలు వచ్చే వారం ఇట్లాంటివి అసలు పెట్టం.

ఆ తర్వాత నాకు తెలిసిన మానసిక వైద్యుడు ఒకాయన రెండు పేర్లు చెప్పారు. 1774లో జర్మన్ రచయిత గోథే 'వెర్థర్' నవల వచ్చాక, హీరో దారిలోనే కుర్రాళ్ళు పోతున్నారని కొన్నిచోట్ల ఆ పుస్తకాన్ని నిషేధించారట. చావును ఎట్లా అన్నది విడమరిచి చూపిస్తే అది అంటుకుంటుందనే భయం అప్పటి నుంచీ ఉంది, పత్రికలకు ఆరోగ్య సంస్థలు పెట్టిన నియమాలూ అందుకే. మీరు వెళ్ళే నాటకం అసలు ప్రతిలో కూడా ఈ ప్రస్తావన వస్తుంది. రెండోది దీనికి ఎదురు. మొజార్ట్ 1791 నాటి సంగీత నాటకంలో పాపగేనో అనేవాడు బతుకు చాలించుకుందామనుకుంటే ముగ్గురు పిల్లలు వచ్చి ఆపుతారు. మనిషి ఆ రాత్రిని ఎట్లా దాటాడో చెప్పే కథలు వినేవాళ్ళకు మేలు చేస్తాయని వియన్నా పరిశోధకులు 2010లో దానికి ఆ పాత్ర పేరే పెట్టారు. కాబట్టి టికెట్ కొనే ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి: చావు దృశ్యం చూపిస్తారా? మధ్యలో బయటికి వస్తే అక్కడ ఎవరైనా ఉంటారా? మొదటిదానికి అవునన్నా, రెండోదానికి నసిగినా వెళ్ళొద్దు. ఎంత పేరున్న గుంపైనా సరే.

డాక్టర్‌కి కూడా ఒక మాట చెప్పండి. మందు మొదలైన కొత్తలో, మోతాదు మార్చినప్పుడు, మనసు కంటే ముందు ఒంట్లో సత్తువ రావచ్చు. ఆ వారాలు మనిషిని కనిపెట్టుకుని ఉండాలని వాళ్ళే చెబుతారు, పాతికేళ్ళ లోపు వాళ్ళయితే మరీ. ఐదు నెలల నుంచి ఒకే మందు మీద నిలకడగా ఉంటే సాధారణంగా వద్దనరు. ఇంకొకటి, నాటకం చూసిన ఉషారులో 'ఇక నాకేం కాదు' అని మాత్రలు మానేసినవాళ్ళను ఇద్దరిని చూశాను. అందులో ఒకడు నా సోపతిగాడే, మూడు వారాలకు మళ్ళీ మొదటికొచ్చాడు. ఆ రాత్రి మాత్ర ఆ రాత్రి వేసుకోవాల్సిందే.

చెప్పకుండా తీసుకెళ్ళడం గురించి. 'కామెడీ నాటకం, రా' అని ఒకామె కొడుకును తీసుకొచ్చింది. కామెడీ అన్నది పూర్తి అబద్ధం కాదు, ఇందులో నవ్వే ఎక్కువ. కానీ పావుగంటలో వాడికి అర్థమైంది. తల్లి వైపు ఒక చూపు చూశాడు, లేచి వెళ్ళిపోయాడు. నాటకం ఏమీ చెయ్యలేదు, తనను మోసం చేసి తెచ్చారన్నదే వాడికి తగిలింది. మీరు ఇంతే చెప్పండి: 'డిప్రెషన్ మీద నాటకమట, గంటా పది నిమిషాలట. నాకు పోవాలని ఉంది. వస్తవా?' రానంటే ఎందుకని అడగొద్దు.

కూర్చునే చోటు: గుండ్రంగా వేసినప్పుడు చివరి వరస అంటూ ఉండదు. తలుపును ఆనుకున్న రెండు కుర్చీలు పట్టండి, తలుపు వైపు తమ్ముణ్ణి కూర్చోబెట్టండి. తలుపు వైపు మీరుంటే అతను లేవాలన్నా మిమ్మల్ని దాటాలి, అది కూడా ఒక అడ్డే. ముందే ఒక గుర్తు అనుకోండి. మోకాలి మీద రెండుసార్లు తడితే లేచిపోదాం, ఏమైందని అడిగేది లేదు. లేచి వెళ్తే నటుడు బాధపడతాడని మొహమాటపడకండి, ఆయన అట్లాంటివి చూసే ఉంటాడు. ఆట నడుస్తుండగా మాటిమాటికి తమ్ముడి మొహం చూడకండి. లైట్లు వెలుగుతుంటాయి కదా, మీరు చూస్తున్నారని అతనికి తెలుస్తుంది. నాటకం చూడండి, మీకూ టికెట్ ఉంది.

తెలిసినవాళ్ళు కనబడతారా? కనబడతారు, హన్మకొండ ఎంతని. కానీ నలభై కుర్చీల్లో ఎవరు మందులు వేసుకుంటున్నారు, ఎవరు వేసుకునేవాళ్ళకు అక్క, ఎవరు ఊరికే నాటకాల పిచ్చితో వచ్చారు అని ఎవరికీ తెలియదు. చూసినవాళ్ళు ఏమనుకుంటారంటారా, 'వీళ్ళూ వచ్చిన్రే' అనుకుంటారు, అంతే.

ఆట అయ్యాక చాలాచోట్ల చర్చ పెడతారు. దానికి ఆగొద్దు. మైకు పట్టుకుని అనుభవాలు చెప్పేవాళ్ళు ఒక్కోసారి నాటకం కంటే బరువుగా ఉంటారు (మా వాళ్ళు నన్ను తిడతారు, అయినా రాస్తున్నాను). మీరు బండి మీద వెళ్తారు కదా, వడ్డేపల్లి చెరువు కట్ట మీదుగా నెమ్మదిగా రండి. బండి మీద ఇద్దరూ ఒకే దిక్కు చూస్తారు, మొహాలు కనబడవు. నేను మా అన్నకు మొదటిసారి నా సంగతి చెప్పింది అట్లాగే, ఆయన వీపుకు. 'ఎట్లుంది' అని ఒక్కసారి అడగండి. 'బాగుంది' అని ఊరుకుంటే మీరూ ఊరుకోండి. ఛాయ్ దగ్గర ఆగండి. మాట ఆ రాత్రే రావాలని లేదు, వారం తర్వాత బట్టలు ఆరేస్తున్నప్పుడు రావచ్చు. వచ్చినప్పుడు 'నేను అప్పుడే చెప్పిన కదా' అని మీద పడకండి.

ఆ రాత్రి గానీ తర్వాత గానీ తమ్ముడు చనిపోవాలనే మాట ఎత్తితే, దాన్ని నాటకం ప్రభావమని కొట్టిపారెయ్యకండి. అట్లాంటి ఆలోచన వస్తుందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని మన వైపు భయపడతారు, పుట్టదు. ఒంటరిగా వదలకండి. 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ లైను, 2022 నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి పగలూ ఉంటారు, తెలుగులో మాట్లాడతారు. మరీ ఎక్కువగా ఉంటే వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి, తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

ఇక తమ్ముడు రానంటే టికెట్ పారెయ్యకండి, మీరు ఒక్కరే వెళ్ళండి. ఐదు నెలల నుంచి ఇంట్లో మనిషిని కాచుకుంటున్నది మీరు. మీ గురించి ఆ ప్రశ్నలో ఒక్క ముక్క కూడా రాసుకోలేదు. వచ్చేటప్పుడు నటుణ్ణి అడిగి మీ చిట్టీ ఇంటికి తెచ్చుకోండి, ఇస్తారు. టీవీ పక్కన ఎక్కడో పెట్టండి. ఇదేందని అడిగితే చెప్పండి. అడగకపోతే అక్కడే ఉండనివ్వండి.